డెబోరా నడుము కోసం ప్రార్థన

పోయిన వారం డెబోరాను రొమ్ములోతు నీళ్ళలో వదిలి వచ్చాం. ఆ పిల్ల ఇంకా నీళ్ళలోనే ఉంది. గట్టు మీద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఆమె ఎన్ని సార్లు అటు నించి ఇటు నడిచిందో వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ మేనత్త రెబెక్కమ్మ కూడా అక్కడే ఉంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. డెబోరాకు ఇరవై రెండేళ్ళు. ఇద్దరు కూర్చుని తెడ్లు వేసే పందెపు పడవలో వినీల అనే పిల్లతో జోడీ. నెల్లూరు శిబిరంలో తెడ్డు మిషను మీద పంతానికి పోయి లాగుతుండగా నడుము పట్టేసింది. ఆ సంగతి కోచ్ మాలకొండయ్య సారుకు చెప్పలేదు. మా మేనత్తకు ఒంట్లో బాగాలేదు, చూసుకునే మనిషి లేదు అని సెలవు అడిగి అల్లూరు వచ్చేసింది. కిందటేడు దుర్గ అనే అమ్మాయి నడుము నొప్పి అని బయటపెట్టిన వారానికే ఆమె సీట్లో ఇంకో పిల్ల కూర్చుంది. అది డెబోరా కళ్ళారా చూసింది. కావలిలో ఫిజియోథెరపీ చేసే ఫ్లోరా నొక్కి చూసి, వంచి చూసి, ఆరు వారాల పాటు తెడ్డూ మిషనూ రెండూ ముట్టకూడదని తేల్చింది. నాలుగు వారాలు గడిచాయి. రాష్ట్ర జట్టు ఎంపికకు ఇంకో ఐదు వారాలుంది.

రెబెక్కమ్మది ఎండు చేపల వ్యాపారం. తెచ్చిన పచ్చి చేప ఎండేసరికి మూడో వంతుకు దిగుతుందని, ఆ తరుగును ముందే లెక్కలో వేసుకోనివాడు వ్యాపారానికి పనికిరాడని ఆమె పదహారో ఏటనే తెలుసుకుంది. అందుకే ఫ్లోరా ముందు మొదటిరోజు ఆమె అడిగింది నొప్పి గురించి కాదు.

"ఆరు వారాలు పడుకోబెడితే పిల్ల ఊపిరీ కాళ్ళూ తరుగులో పోతాయి గదమ్మా! ఆమీద నడుము బాగై ఏం లాభం?"

ఫ్లోరా నవ్వింది. "పడుకోమని ఎవరన్నారు పెద్దమ్మా? సెలవు నడుముకే. మిగతా ఒంటికి కాదు."

అట్లా మొదలయింది ఈ నీళ్ళ నడక. నీళ్ళలో మనిషి బరువు తేలిపోతుంది, నడుము మీద భారం ఉండదు, కాళ్ళకూ గుండెకూ మాత్రం చాకిరీ తప్పదు. నడక అయ్యాక వెల్లకిలా తేలి కాళ్ళు కొట్టాలి. సాయంత్రం సైకిలు తొక్కాలి, అది కూడా ముందుకు వంగకుండా, చర్చిలో పాట పాడేటప్పుడు నిలబడ్డట్టు నిటారుగా. అందుకని రెబెక్కమ్మ తన పాత లేడీస్ సైకిలుకు హ్యాండిలు పైకెత్తించి, సీటు కొత్తది వేయించింది. వంగి బరువులెత్తకూడదన్నారని చేపల బుట్టల గదికి తాళమేసింది. డెబోరా వంగి చీపురు పట్టుకున్నా కేకే.

నీళ్ళలో నడవమంటే సరే, అల్లూరులో ఈత కొలను ఎక్కడుంది? రెబెక్కమ్మ ఊరంతా మనసులో తిప్పి చూసి చంద్రమౌళి రొయ్యల గుంట దగ్గర ఆగింది. నీళ్ళు పెట్టి, మందు కొట్టి, పిల్ల రొయ్య కోసం కాచుకుని ఉన్న గుంట. పిల్ల పడిందంటే ఇక మనిషిని దిగనివ్వరు. అప్పటిదాకా అది ఖాళీ సరుకే.

చంద్రమౌళి కూడా తక్కువ తిన్నవాడు కాదు. పిల్ల వదిలే ముందు గుంట అడుగున ఇనుప గొలుసు లాగి, బురదలో పట్టిన చెడు గాలి పైకి పోయేట్టు చేయాలి. అతని కన్ను దాని మీద పడింది.

ఈ పొద్దు కూడా గట్టెమ్మట వస్తూ అదే మాట ఎత్తాడు. "అక్కా, ఎట్టాగూ నడస్తా ఉండాది గదా. నడుముకు ఆ గొలుసు కూడా కట్టుకుంటే నా పనీ అయిపోద్ది, పాపకు బలమూ వస్తాది."

"నీ నడుముకు కట్టుకో. నీకు బలం రాకపోయినా ఆ పొట్టయినా తగ్గుద్ది."

"ఊరికినే గుంట ఇచ్చినా, మర్చిపోబాక."

"ఊరికినే యాడ ఇచ్చినావబ్బయా? పిల్ల రోజుకు గంట సేపు నీ బురదంతా తొక్కి కలుపుతా ఉండాది. ఇట్టా పని చేసేదానికి మనిషిని పెట్టుకుంటే తెలుస్తాది."

చంద్రమౌళి ఒక నిమిషం ఆలోచించి, అందులో న్యాయం కనపడి, షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.

నీళ్ళలో నించి డెబోరా అరిచింది. "అత్తా! ఎన్నైనాయి?"

"ముప్పై ఒకటి!"

"ముప్పై మూడు! నువ్వు బేరంలో పడి రెండు మింగేసినావు!"

"తూకం నా చేతిలో ఉండాది. ముప్పై ఒకటే. నడువు!"

డెబోరా నీళ్ళు చరిచి మేనత్త మీదికి చిమ్మింది. అప్పుడే ఫోను మోగింది.

నెల్లూరు నించి ఆనందకుమారి. శిబిరంలో పిల్లలకు వంట చేసే మనిషి. ఎప్పుడో చర్చి కన్వెన్షన్ సభల్లో ఒకే చాప మీద కూర్చున్న పరిచయం.

"ప్రైజ్ ద లార్డ్ అక్కా. మన డెబోరా నడుము ఎట్టుండాది?"

రెబెక్కమ్మ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "నడుమా? నీకెవరు చెప్పినారు?"

"గ్రూపులో వచ్చింది గదక్కా! అల్లూరు స్త్రీల సమాజం నించి. 'పడవ పోటీలకు పోవలసిన మన డెబోరా నడుము స్వస్థత కొరకు' అని. నిన్న మా ఉపవాస కూడికలో పదిమందిమి మోకాళ్ళ మీదుండి చేసినాం. నేనైతే ఏడ్చేసినా."

రెబెక్కమ్మకు శుక్రవారం కళ్ళముందుకొచ్చింది. అబిగయీలు ఇంట్లో స్త్రీల సమాజం ప్రార్థన కూడిక. ఒక్కొక్కరే విన్నపాలు చెబుతున్నారు. తన వంతు వచ్చింది. పేరు లేకుండానే అడుగుదామనుకుంది. అయితే అబిగయీలు పెన్ను పట్టుకుని, "ఎవురి నడుము? పేరు చెప్పక్కా, ఊరికే నడుము అని రాసుకుంటే ఎవురి కోసమని చేస్తాం?" అంది. ఆ మాట సబబుగానే తోచింది. పేరు చెప్పింది. ఏ పోటీయో కూడా చెప్పింది. అల్లూరు గుమ్మం దాటని మాట అనుకుంది. అబిగయీలు కొడుకు ఆమెకు కొత్త ఫోను కొనిచ్చిన సంగతి లెక్కలో వేసుకోలేదు.

"సరే ఆనందా. దేవుడు చూసుకుంటాడులే. ఈ మాట మీ సారు దాకా మాత్రం..."

"సారుకు చెప్పినా గదక్కా! పొద్దున టీ ఇస్తా, 'మీ పిల్ల కోసం మేమంతా ప్రార్థన చేస్తా ఉండాం సారూ, దిగులు పడబాకండి' అన్నా. పాపం మంచోడు. ఒక్క మాటా అనలా. గ్లాసు కిందపెట్టి బండి తాళాలు తీసుకున్నాడు."

"యాడికి పోయినాడు?"

"చెప్పలా. అల్లూరు రోడ్డు యాడ తిరగాలని వాచ్‌మన్‌ని అడిగినాడంట."

"ఎంత సేపయింది?"

"ముప్పావు గంట అయ్యుంటాది."

నెల్లూరు నించి అల్లూరు గంట దారి. ఊళ్ళో ఎవర్నడిగినా గుంట దారి చూపిస్తారు, అది ఇంకో పది నిమిషాలు. అంటే చేతిలో ఉన్నది పాతిక నిమిషాలు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో రెబెక్కమ్మకు తడిసిన సరుకు వచ్చింది, పురుగు పట్టిన సరుకు వచ్చింది. ఈ నష్టం మాత్రం ఆమె తన నోటితో తనే చేసుకుంది.

"అత్తా, ఇటు చూడు!" డెబోరా గట్టుకు వచ్చి నిలబడింది. జుట్టు నించి నీళ్ళు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. "నీకు చెప్పడం మర్చిపోయినా. ఈ పొద్దు సాక్సులు నేనే వేసుకున్నా. వంగి. నొప్పి లేదు. అంటే, ఉండాది, ఎక్కడో దూరంగా. నాలుగు వారాల్లో మొదటిసారి!"

నాలుగు వారాలుగా ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని సాక్సులు తొడిగింది రెబెక్కమ్మే. ఈ పొద్దు ఎందుకు పిలవలేదా అని అనుకుంది కూడా.

"పైకి రామ్మా."

"వెల్లకిలా కొట్టేది ఇంకా ఉండాది గదా?"

"తర్వాత. పైకి రా పాపా. ఒక మాట చెప్పాల."

తువ్వాలు భుజాల మీద కప్పి, తల తుడుస్తూ చెప్పింది. చుట్టూ తిప్పలేదు. చెడిన సరుకు గురించి చుట్టూ తిప్పి చెప్పే అలవాటు ఆమెకు లేదు. శుక్రవారం, అబిగయీలు, గ్రూపు, ఆనందకుమారి, టీ గ్లాసు, బండి తాళాలు.

డెబోరా చివరిదాకా విన్నది. తర్వాత మేనత్త చేతిలో నించి తువ్వాలు లాక్కుంది.

"నా నడుముకు ప్రార్థనా?"

"నొప్పిగా ఉంటే దేవుణ్ణి అడక్క..."

"దేవుణ్ణి అడుగు! నేను వద్దన్నానా? దేవుడికి అబిగయీలు పెద్దమ్మ ఫోను కావాలనా? మైకు కట్టుకుని ఆటోలో పోతూ చెప్పుండొచ్చు గదా. ఇసకపల్లి దాకా ఇనపడుండేది!"

"తప్పయింది."

"సీటు పోతాది అత్తా. అర్థమవుతా ఉండాదా నీకు? దుర్గ ఇప్పుడు యాడుందో తెలుసా? వాళ్ళన్న షాపులో జిరాక్సులు తీస్తా ఉండాది. అంతకుముందు నన్ను దాటిపోయేది ఆ పిల్ల పడవ. ఎనిమిదేళ్ళు లాగినా నేను. ఎనిమిదేళ్ళు!"

ఏడ్చేసింది. రెబెక్కమ్మ ఆ ఏడుపును ఆపలేదు.

"తప్పు నాదే, పూర్తిగా నాదే. అయినా ఒక మాట చెప్తా, ఇను. నేను బస్తా అమ్మేటప్పుడు అడుగున నాలుగు చేపలు మెత్తబడుంటే, మూత విప్పక ముందే చెప్తా. ఎందుకో తెలుసా? నేను చెప్తే ఆ నాలుగే చెడ్డవి. వాడంతట వాడు చూశాడంటే బస్తా మొత్తం చెడ్డదే."

"నేను ఎండు చేపనా?"

"దానికంటే మొండి. అది నీళ్ళలో నానితే మెత్తబడుద్ది, నువ్వు నెల నానినా మెత్తబడలా."

డెబోరాకు నవ్వు వచ్చింది, కోపంలో ఉండగా వచ్చినందుకు ఇంకా కోపమూ వచ్చింది. "సరే. ఒక పని చేద్దాం. నువ్వు పోయి షెడ్డులో నులక మంచం మీద పడుకో. దుప్పటి కప్పుకో. నీకు బాగాలేదనే గదా సెలవు పెట్టినా. నడుము నీదే అని చెప్దాం. ఆనందక్క తప్పుగా చదివింది."

"నేను పడుకుంటే ఈ గుంట కాడ కుక్క కూడా నమ్మదమ్మే. పొద్దున్నే ఇద్దరి ఇడ్లీలు తిన్నా."

"అత్తా, ప్లీజ్."

"పాపా, అబద్ధం ఒకటే అయితే మోయొచ్చు. దాన్ని నిలబెట్టేదానికి నా మీద దుప్పటి కప్పాల, తర్వాత ఫ్లోరా మీద కప్పాల, ఆమీద వినీల మీద. ఎన్ని దుప్పట్లు తెచ్చేది?"

డెబోరా గట్టు మీద నిలబడే ఉంది. ఎక్కువసేపు కూర్చోవద్దన్నారు కనక, ఏడవాలన్నా నిలబడే ఏడవాలి. రెబెక్కమ్మ వెళ్ళి పక్కన నిలబడింది. పిల్ల తడిబట్టలతోనే మేనత్త భుజం మీద తల వాల్చింది.

"ఎంతమంది చేసినారంట?" ముక్కు ఎగబీలుస్తూ అడిగింది.

"ఏంది?"

"ప్రార్థన."

"అల్లూరులో పద్నాలుగు మంది. నెల్లూరులో పది. గ్రూపు కావలి దాకా పోతాది, అక్కడ ఎంతమందో అబిగయీలును అడగాల."

"మూడూళ్ళు నా నడుము గురించి మోకాళ్ళ మీద ఉన్నాయి. సాక్సులు వేసుకోక ఏం చేస్తా మరి?"

ఇద్దరూ నవ్వుతుండగానే గట్టు చివర బండి చప్పుడయింది.

మాలకొండయ్య సారు పొట్టి మనిషి. సైన్యంలో పదిహేనేళ్ళు తెడ్డు వేసిన భుజాలు, తక్కువ మాటలు. బండి స్టాండు వేసి, ముందు రెబెక్కమ్మను కింద నించి పైదాకా చూశాడు.

"మేనత్తగారు మీరేనా?"

"నేనే సారు."

"ఒంట్లో బాగాలేదన్నారు."

"బాగానే ఉండాది సారు. ఆ అబద్ధంలో నాకూ వంతుంది."

ఆయన డెబోరా వైపు తిరిగాడు. ఆ పిల్ల తువ్వాలు పిడికిళ్ళతో పట్టుకుని ఉంది. దాచడానికి ఏమీ మిగల్లేదు కనక మొత్తం చెప్పేసింది. ఏ రోజు పట్టింది, మిషను మీద ఎన్నో నిమిషంలో, ఫ్లోరా ఏమన్నది, రోజూ ఎంత నడుస్తున్నది, ఎంత తొక్కుతున్నది. "నన్ను తీసేయాలంటే తీసేయండి సారు. దుర్గను తీసేసినట్టు."

మాలకొండయ్య గుంట నీళ్ళ వైపు తిరిగాడు.

"దుర్గ చెప్పినందుకు తీసేయలా నేను," అన్నాడు. "నాలుగు నెలలు దాచింది. చెప్పేనాటికి ఎడం కాలు మొద్దుబారిపోయుంది. డాక్టరు ఇక తెడ్డు వద్దన్నాడు. ఆ సంగతి తోటి పిల్లలకు చెప్పబాకండి సార్ అని ఏడ్చింది. చెప్పలా. చెప్పుంటే నువ్వు దాచేదానివి కాదేమో."

డెబోరా తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

"నెల రోజులు నీళ్ళలో నడిచినావా?" ఆయన గొంతులో మొదటిసారి మెత్తదనం వినపడింది. "రొయ్యల గుంటలో?"

"ఖాళీ గుంటే సారు," అంది రెబెక్కమ్మ. "పిల్ల ఇంకా వదల్లా."

మాలకొండయ్య నవ్వాపుకోడానికి మీసం సవరించుకున్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఎంపిక పోటీకి దిగే జట్ల పేర్లు ఈ సాయంత్రంలోగా పంపాలి. వినీల పక్కన నెల నించి కొత్త పిల్లను కూర్చోబెట్టి చూస్తున్నారు, పడవ బాగానే పోతోంది. "నిన్ను తెడ్డు వేయమనను, ఫిజియో చెప్పిన మాట దాటను. అయితే నీ ఊపిరి మిగిలుందో లేదో చూడకుండా పేరు రాయలేను. ఆ పిల్లకు అన్యాయం చేసినట్టవుతుంది."

"సైకిలు మీద చూడండి సారు," అంది డెబోరా వెంటనే. "కాలవ వంతెన దాకా పోయి వస్తే సరిగ్గా ఎనిమిది కిలోమీటర్లు. శిబిరంలో తొక్కించేది కూడా అంతే గదా."

"అప్పుడు ఇరవై రెండు నిమిషాల్లో తొక్కినావు." ఆయన లేడీస్ సైకిలును, ఆకాశానికి లేచిన దాని హ్యాండిలును అనుమానంగా చూశాడు. సముద్రం వైపు నించి గాలి గట్టిగా కొడుతోంది. "ఇది ముసలి సైకిలు. గాలి కూడా ఉంది. ఇరవై నాలుగు ఇస్తా."

"ఇరవై మూడు చాలు సారు."

రెబెక్కమ్మ నెత్తి కొట్టుకుంది. ఎదుటివాడు ఎక్కువ ఇస్తానంటే వద్దు తగ్గించమని బేరమాడిన మనిషిని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అయినా గుండె పొంగింది.

డెబోరా షెడ్డులోకి వెళ్ళి పొడి బట్టలు కట్టుకుని వచ్చింది. చంద్రమౌళి సైకిలు టైర్లు నొక్కి చూసి, ఎవరూ అడక్కుండానే గాలి కొట్టాడు. సారు స్టాపు వాచీ తీశాడు.

"ఇరవై మూడు దాటితే కొత్త పిల్ల పేరు పంపుతా. తర్వాత నా మీద అలగకూడదు."

"అలగను సారు."

"నిటారుగా కూర్చోవాల. వంగినావంటే అక్కడికే ఆపేస్తా."

"అత్తా," అంది డెబోరా పెడల్ మీద కాలు పెట్టి, "ఈ ఒక్కసారికి గ్రూపులో పెట్టబాక."

"పో, పో."

సారు చెయ్యి దించాడు. సైకిలు కదిలింది. గట్టు మీద గుంతలు తప్పించుకుంటూ, ఎదురుగాలికి జడ వెనక్కి ఎగురుతుండగా, నిటారుగా పోతోంది పిల్ల. మాలకొండయ్య కళ్ళు వాచీ మీద ఉన్నాయి. చంద్రమౌళి ఈల వేశాడు. రెబెక్కమ్మ ఒక్కతే చూపు మరల్చకుండా ఆ వీపును చూస్తోంది.

మూడో గుంట మలుపు దగ్గర చక్రం ఒక గుంతలో పడి లేచింది. డెబోరా ఎడమ చెయ్యి హ్యాండిలు వదిలి నడుము వెనక్కి పోయింది. అక్కడ గట్టిగా నొక్కి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంత సేపు. తర్వాత ఆ చెయ్యి మళ్ళీ హ్యాండిలు మీదికి వచ్చింది. వేగం తగ్గలేదు. ఇంకా పెరిగింది.

"బో బాగా పోతా ఉండాదే!" అన్నాడు మాలకొండయ్య, వాచీ చూసుకుంటూ. ఆ చెయ్యి నడుముకు పోవడం ఆయన చూడలేదు.

రెబెక్కమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. వంతెన ఇంకా మూడున్నర కిలోమీటర్ల దూరంలో ఉంది. బండి మీద పోతే రెండు నిమిషాల్లో అందుకుని ఆపొచ్చు.

"సారూ," అంది.

"ఏందక్కా?" అన్నాడాయన, తల ఎత్తకుండానే.